డబ్బాలో కాగితం చదివే బావ

మా అక్క మొగుడికి ఒక జబ్బుంది. మందుల డబ్బాలో మడతపెట్టి ఉంటుందే, ఆ సన్న అక్షరాల కాగితం, దాన్ని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివి వినిపించందే ఎవరికీ మందు ఇవ్వడు. ఆయనది మందుల షాపు. పక్కనే నా టైలరింగ్ షాపు. మధ్యలో ఉన్నది పేరుకే గోడ. ముప్ఫయ్యేళ్ళుగా లోకంలోని దుష్ఫలితాలన్నీ వింటూ చొక్కాలు కుడుతున్నాను.

తలనొప్పి అని వచ్చినవాణ్ణి నిలబెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని మొదలుపెడతాడు.

"వాంతి రావచ్చు. కళ్ళు తిరగొచ్చు. దద్దుర్లు..."

"అవేం లేవండీ, ఉత్త తలనొప్పే."

"ఇప్పుడు లేవు. వేసుకున్నాక వస్తే? వినాలి!"

ఒకాయన పావుగంట విని, "తగ్గిపోయిందండీ" అని ఉత్త చేతులతో వెళ్ళిపోయాడు. విరేచనం మందు కోసం వచ్చిన ఒక లెక్చరరుగారికైతే, వెనకాల ఆయన స్టూడెంట్లే నిలబడి ఉండగా, ఎన్ని గంటల్లో ఏమవుతుందో వివరంగా చదివాడు. ఆ పెద్దమనిషి మళ్ళీ మా వీధిలో కనిపిస్తే ఒట్టు.

"జనాన్ని ఎందుకు బావా ఇలా కాల్చుకుతింటావు?" అని అడిగితే నా మీదే ఎగిరాడు.

"మరి ఈ కాగితం ఎందుకు పెట్టార్రా? మాత్రలు డబ్బాలో దొర్లకుండానా?"

ఇక నా సంగతి. యాభై రెండో ఏట నన్ను నీరసం పట్టుకుంది. డాక్టరమ్మ రెండుసార్లు రక్తపరీక్ష చేయించి, టెస్టోస్టిరాన్ మరీ తక్కువగా ఉందని ఇంజక్షన్లు రాసింది. వాటి కాగితం బావ అరగంట చదివాడు. నీరసం తగ్గింది. నేను అక్కడితో ఊరుకోవచ్చుగా? ట్రాక్‌సూట్ కుట్టించుకోవడానికి వచ్చిన జిమ్ కోచ్ చెవిలో ఊదాడు.

"ఆ మగ హార్మోన్లో కొంత ఒంట్లో ఈస్ట్రోజెన్ అయిపోతుందండీ. అది ఆడవాళ్ళది. ఛాతీ పెరుగుద్ది. ఈ మాత్ర వేసుకుంటే అణిగిపోద్ది."

నాకు చెమటలు పట్టాయి. బావ దగ్గర కొంటే వీధంతా వింటుంది. అందుకని నాలుగు వీధుల అవతల, చీటీ అడగని, ఏమీ చదవని షాపులో హాయిగా కొనుక్కున్నాను.

నాలుగు నెలలు వేసుకున్నాను. మోకాళ్ళు పట్టేశాయి. నిద్ర కరువైంది. దేనిమీదా మనసు నిలవలేదు. అవన్నీ భరించాను కానీ, కొలతలు పోయాయి. నేను ఏనాడూ కొలతలు రాసుకోను. ఒక్కసారి టేపు వేశానంటే ఆరు నెలల తర్వాతైనా చెబుతాను. నా పేరంతా దానిమీదే నిలబడింది. అలాంటివాణ్ణి, లాయరుగారి కోటుకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. మా నాన్న చివరిరోజుల్లో నన్నే ఎవరని అడిగాడు. నాకూ అదే మొదలైందనుకున్నాను. ఎవరికీ చెప్పకుండా షాపు మూసేయాలనుకున్నాను. చాలా భయపడ్డాను.

అంతలో బావ ఊడిన గుండీ కుట్టించుకోవడానికి వచ్చి, నా గుండీల డబ్బాలో చెయ్యిపెట్టి మాత్రల అట్ట పైకి తీశాడు.

"ఏమిటిది?"

"గుండీలు."

"గుండీలకి ఎక్స్‌పైరీ డేట్ ఉంటుందిరా?"

ఇక చూడాలి ఆయన ఆవేశం. "ఇది రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్ళకిచ్చే మందురా! నీకెవడిచ్చాడు?" కాగితం ఎదురుగా లేకపోయినా కళ్ళు మూసుకుని అప్పజెప్పేశాడు. కీళ్ళనొప్పులు, ఎముకల బలహీనత, దిగులు. "ఈస్ట్రోజెన్ మగాడికి అక్కర్లేదని ఎవడన్నాడు? ఎముకలకి కావాలి, మెదడుకీ కావాలి! ఉన్న కాస్తా ఊడ్చిపారేశావు కదరా!"

నేనూ అరిచాను. అరిచి అరిచి, చివరికి, "బావా, నాకు ఏమీ గుర్తుండటం లేదు" అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాడు.

పరీక్ష చేస్తే ఈస్ట్రోజెన్ అడుగంటింది.

"ఎవరు వేసుకోమన్నారు?" అంది డాక్టరమ్మ.

"ట్రాక్‌సూట్ కుట్టించుకున్నాయనండీ."

ఆవిడ బావ చేతిలోని మాత్రల అట్ట లాక్కుని చెత్తబుట్టలో పడేసింది. "మతిమరుపు అంతా దీనివల్లేనని ఇప్పుడే చెప్పలేను. కానీ మగవాళ్ళ మెదడుకీ అది అవసరమే. మాత్ర ఆపండి. ఇంజక్షన్ సంగతి నేను చూసుకుంటాను. కొన్ని వారాలు ఓపిక పట్టండి."

"ఈలోగా కొలతలు రాసుకో" అన్నాడు బావ దారిలో.

"ఇన్నేళ్ళు రాయనివాణ్ణి ఇప్పుడు రాస్తే ఎందుకని అడుగుతారు. తెలిస్తే నాకు గుడ్డ ఎవడిస్తాడు?"

మర్నాడు మధ్యాహ్నం మందుల షాపు అక్కకి అప్పగించి, నా షాపులో కుర్చీ వేసుకు కూర్చున్నాడు. నేను టేపు వేస్తుంటే ఆయన నోట్‌బుక్కులో రాసి, వీధికి వినపడేలా చదవడం!

"నడుము నలభై! పొట్ట లోపలికి లాక్కున్నప్పటి కొలత ఇది. వదలండి సార్, ఊపిరి వదలండి!"

కత్తిరించే ముందు మళ్ళీ చదివేవాడు. కుట్టేటప్పుడు ఇంకోసారి. నాకు ఒళ్ళు మండిపోయేది. జనం నన్ను పక్కకి పిలిచి, "మీ బావకి పిచ్చి ముదిరిందండీ, పాపం ఎలా భరిస్తున్నారో" అనేవారు. "ఏం చెయ్యమంటారు, అక్క మొగుడు" అని నేనూ తల ఊపేవాణ్ణి. సిగ్గులేదు నాకు. వాళ్ళలో ఒక్కడికైనా నామీద అనుమానం రాలేదన్న సంగతి నాకు తట్టనేలేదు.

రెండు నెలలయ్యేసరికి మోకాళ్ళు వదిలాయి. నిద్ర పట్టింది. ఒకరోజు షాపు నిండా జనం ఉండగా హెడ్మాస్టరుగారు తన ప్యాంటు కోసం వచ్చి మండిపడ్డారు.

"నా నడుము కొలత మా స్కూల్లో పిల్లలందరికీ తెలిసిపోయిందయ్యా! ఈ పిచ్చాయన్ని బయటికి పంపుతారా, నన్ను ఇంకో టైలర్ని చూసుకోమంటారా?"

బావ నోట్‌బుక్కు మూసి లేచాడు. "నిజమేనండీ, నాదే పిచ్చి. వెళ్తాను."

నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఎక్కడలేని కోపం వచ్చింది, ఈసారి బావమీద కాదు.

"ఆయనకేం పిచ్చండీ?" అని అరిచాను. "మరిచిపోయింది నేను! ఒక పనికిమాలిన మాత్ర మింగి నా మతి నేనే పోగొట్టుకున్నాను. కొలతలు గుర్తుండక నేను చస్తుంటే, నా పరువు పోకుండా ఆయన మీ అందరిచేతా తిట్లు తిన్నాడు. పిచ్చాయన అన్నవాళ్ళు ముందు నన్ను అనండి!"

బావ కళ్ళద్దాలు తీసి నావైపు గుడ్లురిమాడు.

"ఒరేయ్! రెండు నెలలు పిచ్చివాణ్ణనిపించుకుని దాచానే! ఒక్క నిమిషంలో వీధిన పెట్టావు కదరా!"

హెడ్మాస్టరుగారు ఇబ్బందిగా కదిలారు. ఆయన ముఖంలో కోపం పోయి, కొంచెం ఆశ కనిపించింది.

"అయితే... నా నడుము నలభై నాలుగు అని రాసింది కూడా తప్పేనేమో కదండీ?"

"తప్పేనండీ" అన్నాను, నోట్‌బుక్కు వంక చూడకుండానే. "బావ రాసింది నలభై నాలుగున్నర."