లేదని చెప్పిన చదువు

మా పిన్నికి చదువు లేదు కాబట్టే రాయగడ హాస్టల్లో మేట్రన్ ఉద్యోగం రాలేదని మా ఇంట్లో అందరూ అంటారు. అమ్మ అలా అనుకుంటూనే పోయింది. అది నిజం కాదు. పిన్నికి చదువు ఉంది. లేదని చెప్పింది నేను. ఈ సంగతి ఇన్నేళ్లూ నాలోనే దాచుకున్నాను.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. తాతయ్య నందపూర్‌లో బడిపంతులు. ఆమె అక్కడే ఒడియా బళ్లో ఏడో తరగతి పాసైంది. తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లో బైబిలు ముందేసుకుని నేర్చుకుంది. అమ్మ కొరాపుట్ ఆస్పత్రిలో నర్సు. వారం తిరిగేసరికి డ్యూటీ మారిపోయేది. నాన్న పోయాక ఇల్లు చూసుకోడానికని వచ్చిన పిన్ని మాతోనే ఉండిపోయింది. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే "ముందు ఈడి డిగ్రీ అవనీండి" అనేది.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రార్థన కూడిక వారానికొక ఇంట్లో జరుగుతుంది. ఎవరింట్లో జరిగితే ఆ ఇంటి ఆడమనిషే బైబిలు వాక్యం చదవాలి. మా వంతు వస్తే పిన్ని చదివేది. మధ్యలో ఒడియా యాస దొర్లేది. వెనక కూర్చున్న ముసలమ్మలు, "నీకు మైకక్కర్లేదే అమ్మీ, కొండవతల వోళ్లక్కూడా వినబడతాది" అని నవ్వేవారు. ఆమె ఇంకాస్త గట్టిగా చదివేది.

నేను డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉండగా అలాంటి ఒక కూడికకి రాయగడ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. అక్కడ చర్చివాళ్ల ఆడపిల్లల హాస్టల్ చూసుకునేది. బయటి రాష్ట్రం మనిషి, తెలుగు గానీ ఒడియా గానీ రాదు. భాష తెలియకపోయినా పిన్ని చదివిన తీరు ఆవిడకి నచ్చింది. మర్నాడు పొద్దున్న మళ్లీ మా ఇంటికొచ్చింది. అమ్మ డ్యూటీలో ఉంది. ఇంగ్లీషు వచ్చినవాణ్ని నేనొక్కణ్నే.

హాస్టల్‌కి పిల్లల్ని చూసుకునే మేట్రన్ కావాలంది. ఏడో తరగతి ఉంటే చాలంది. ఉండడానికి గది కూడా ఇస్తారట. అప్పుడు అడిగింది, "ఎడ్యుకేషన్?" అని. పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ నా మొహంలోకి చూసింది.

"నో ఎడ్యుకేషన్" అన్నాను. బైబిలు చదవడం ఇంట్లోనే నేర్చుకుందని కూడా అన్నాను.

పరీక్షలు దగ్గరపడ్డాయి. పిన్ని వెళ్లిపోతే వేళకింత వండిపెట్టేదెవరు, చొక్కాలు ఉతికేదెవరు అనుకున్నాను. అంతకు మించి ఏమీ ఆలోచించలేదు. ఆవిడ టీ తాగి, పిన్ని భుజం తట్టి వెళ్లిపోయింది.

"ఏట్రా అడిగినారు?" అంది పిన్ని.

"చదువుంటే హాస్టల్లో ఉద్యోగం ఇస్తారట."

"ఉందని సెప్పలేకపోయేవా? ఏడు పాసయ్యేను కదా."

"వాళ్లకి ఎడ్యుకేషన్ కావాలి పిన్నీ. అంటే కాలేజీ చదువు. నీది అందులోకి రాదు."

"అయితే ఏడేళ్లు బడికెళ్లి నేను సేసిందేటి, గేదెలు కాసేనా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నవ్వు ఆగిపోయాక కూడా నేను నవ్వుతూనే ఉన్నాను.

తరవాత మా వంతు వచ్చినప్పుడు, చేతికిచ్చిన బైబిలుని ఆమె పక్కావిడ ఒళ్లో పెట్టేసింది. "నాకు సదువు నేదమ్మా, మీరు సదవండి" అంది. వేళాకోళం అనుకుని అందరూ నవ్వారు. ఆ రోజు తరవాత పిన్ని పదిమందిలో చదవడం నేను వినలేదు. పెళ్లీ చేసుకోలేదు.

తరవాత నాకు రాయగడలోనే ఇంగ్లీషు మాస్టారి ఉద్యోగం వచ్చింది. ఎడ్యుకేషన్ అనే మాట వినకుండా నాకు ఒక్క రోజు గడవదు. ఎడ్యుకేషన్ ఆఫీసు, ఫిజికల్ ఎడ్యుకేషన్, హయ్యర్ ఎడ్యుకేషన్. దాన్ని ఎన్ని రకాలుగా వాడతారో బోర్డు మీద రాసి పిల్లలకి చెబుతాను. బడిలో నేర్చుకున్నదీ ఎడ్యుకేషనే, నేర్పడమూ ఎడ్యుకేషనే. కష్టమైన అనుభవం ఏదైనా కళ్లు తెరిపిస్తే దాన్నీ అలాగే అంటారు. పాతకాలపు ఇంగ్లీషులో బిడ్డని పెంచి పెద్దచేయడానికి కూడా ఆ మాటే వాడేవారు. ఇది చెప్పేటప్పుడు నా గొంతు తగ్గిపోతుంది. క్లాసు గుమ్మంలో ఎవరో నిలబడి కొంగుకి చేతులు తుడుచుకుంటున్నట్టు అనిపిస్తుంది. తిరిగి చూస్తే గుమ్మం ఖాళీగా ఉంటుంది.

ఆ హాస్టల్ నేను బడికెళ్లే దారిలోనే ఉంది. సాయంత్రం ఆడపిల్లలు కలిసి వాక్యం చదువుతుంటారు. గోడవారన సైకిలు ఆపి వింటాను. అన్ని గొంతుల్లోనూ, అక్కడ ఉండాల్సి ఉండీ లేని గొంతే నాకు వినిపిస్తుంది. గేటు దగ్గరి వాచ్‌మన్ ఏమనుకుంటాడో అని మళ్లీ తొక్కుకుంటూ వచ్చేస్తాను.

అమ్మ పోయాక పిన్ని రాయగడలో మా దగ్గరే ఉంటోంది. మొన్న వానాకాలంలో మా అమ్మాయికి బళ్లో ఎడ్యుకేషన్ మీద వ్యాసం రాయమన్నారు. పెన్సిలు కొరుక్కుంటూ అడిగింది, "చిన్నమామ్మా, నువ్వెంతవరకు చదివేవు?"

"నాకు సదువు నేదమ్మీ" అంది పిన్ని, చిక్కుళ్లు ఒలుస్తూనే. "మీ నాన్ననడుగు, ఆడికి తెలుసు."

ఆమె నా వైపు చూడలేదు. అందులో దెప్పిపొడుపేమీ లేదు. నేను అప్పుడు చెప్పినదాన్ని ఇప్పటికీ నిజమని నమ్ముతోంది, అంతే. నా కూతురు ఆ మాట తన వ్యాసంలో రాసుకుంటుందేమోనని భయం వేసింది.

ఆ వారం కూడిక మా ఇంట్లోనే. బైబిలు తెచ్చి పిన్ని ఒళ్లో పెట్టాను. ఆమె అలవాటుగా మా ఆవిడ వైపు జరిపింది. అప్పుడు లేచి నిలబడి, అందరి ముందూ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. హాస్టల్‌వాళ్లు ఏడో తరగతి చాలన్నారని, పిన్నికి చదువు లేదని నేనే చెప్పానని, ఎడ్యుకేషన్ అంటే కాలేజీ చదువని ఆమెకి కావాలనే అబద్ధం చెప్పానని.

అందరూ పిన్ని వైపు తిరిగారు.

"ఊరుకోరా, టీలు సల్లారిపోతన్నాయి" అంది పిన్ని. పొడిగా ఉన్న చేతుల్నే కొంగుకి తుడుచుకుంది. నాకు మాత్రమే వినపడేలా అడిగింది, "అయితే నాది సదువేనా?"

"చదువే పిన్నీ. అప్పుడూ చదువే. నీ ఉద్యోగం పోగొట్టింది నేను. నిన్ను పదిమందిలో చదవకుండా చేసిందీ నేనే. తప్పు చేశాను పిన్నీ, నన్ను క్షమించు."