సత్రపు ముంగిలి లెక్క

చిత్తూరు మిషన్ బడిలో లెక్కల అయ్యవారు శాంతయ్యను ఊళ్ళో మేధావి అనేవాళ్ళు. అది ఆయన కోరి తెచ్చుకున్న పేరు కాదు. పందొమ్మిది వందల నలభై రెండు వేసవి దాకా ఆయన్ని ఎవరూ అలా అన్నదీ లేదు. పిల్లలకు బీజగణితం తలకెక్కేదాకా విసుక్కోకుండా చెబుతాడు, బెత్తం ముట్టుకోడు. ఆయనకున్న పేరల్లా అంతే. అది ఆయనకు చాలు.

ఆ ఏడు ఏప్రిల్లో విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపానువాళ్ళ బాంబులు పడ్డాయి. ఇక మద్రాసు వంతేనని పుకారు పుట్టింది. రైళ్ళు మద్రాసు జనాన్ని తెచ్చి చిత్తూరులో కుమ్మరించాయి. గ్రీమ్స్‌పేటలో గొడ్ల కొట్టాలు కూడా ఖాళీ లేకుండా పోయాయి. అలా వచ్చినవాళ్ళలో సౌందరరాజ అయ్యంగారు ఒకరు. మద్రాసులో ఒక కాలేజీలో గణితం ప్రొఫెసరు, పెద్దమనిషి, భార్య పోయింది, పిల్లలు లేరు. ఆయన దగ్గర పరిశోధన చేసే పుత్తూరు మనిషి శ్రీనివాసులు కూడా వెంటే వచ్చాడు. మరో ముగ్గురు లెక్చరర్లు ఊళ్ళో చుట్టాల ఇళ్ళలో తలదాచుకుని ఉన్నారు. వక్కాకు నములుతూ యుద్ధం కబుర్లు చెప్పుకోవడం అయ్యంగారికి సరిపడలేదు. అందరం పొద్దున పూట కలిసి ఏదైనా పని చేద్దామని, సెలవులకు మూసేసిన మిషన్ బడిలో ఒక గది అడిగించాడు. తాళాలు శాంతయ్య దగ్గర ఉన్నాయి.

మొదటి రోజు శాంతయ్య గది తెరిచి, నల్లబల్ల తుడిచి, వెళ్ళిపోబోయాడు. లెక్కల అయ్యవారని తెలిసి అయ్యంగారే కూర్చోమన్నాడు. ఆయన చెబుతున్నది ప్రాబబిలిటీ, అంటే ఏది ఎంతవరకు జరగవచ్చునో లెక్కగట్టే గణితం. దానికి ముందు అసలు ఎన్ని విధాలుగా జరగవచ్చునో లెక్కపెట్టాలి. అక్కడే చిక్కంతా. తిరుపతి సత్రం ముంగిలిని ఉదాహరణ తీసుకున్నాడాయన. నేలంతా చదరపు బండలు, చదరంగం గళ్ళ మాదిరి. యాత్రికులు వచ్చి తలా ఒక బండ మీద మూట దించుకుంటారు. ఒకరి బండకు ముందు వెనక, కుడి ఎడమల ఉన్న బండ ఇంకొకరు తీసుకోరాదు. అలాంటప్పుడు ఆ ముంగిలి ఎన్ని విధాలుగా నిండవచ్చు? రెండు వరసల ముంగిలయితే చంటిపిల్లవాడు కూడా చెబుతాడు. వరసలు పెరిగేకొద్దీ లెక్క చెయ్యి జారిపోతుంది. ఎన్ని వరసలకైనా పనికొచ్చే సూత్రం ఒకటి కావాలి.

శాంతయ్యకు ఆ రోజులు పండగలాగా గడిచాయి. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, చిక్కుడు గింజలు నేలమీద పేర్చి భార్య సంతోషమ్మకు ఆ ముంగిలి చూపించేవాడు. ఆమె నవ్వి, కూరకు గింజలు మిగల్చమనేది. అలా పేరుస్తూ ఉండగా ఆయనకొక పోలిక తట్టింది. రెండు వరసలకూ మూడు వరసలకూ వచ్చే సంఖ్యల మధ్య ఏదో చుట్టరికం ఉన్నట్టు తోచింది. మర్నాడు గదిలో అందరూ నాలుగు వరసలతో కుస్తీ పడుతుంటే, ఆ పోలిక పట్టుకుని ఎంత వస్తుందో ముందే చెప్పేశాడు. మధ్యాహ్నానికి వాళ్ళ లెక్క తేలింది. సరిగ్గా అంతే వచ్చింది.

అయ్యంగారు చేతిలో సుద్దముక్క కింద పెట్టి శాంతయ్య ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఎట్లా చెప్పారని అడిగాడు. ఊరికే తోచిందన్నాడు శాంతయ్య. నిజంగా అంతకు మించి ఆయన దగ్గర జవాబు లేదు. కానీ ఆ మాట వినగానే పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్ద పెద్ద బుర్రలన్నీ మొదట అలాగే చెబుతాయట. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన తనకు, దేవుడు ఈ వయసులో, బాంబుల పుణ్యమా అని, ఒక మనిషిని చూపించాడని శ్రీనివాసులుతో అన్నాడు.

ఆ మాట గది దాటి బడికి, బడి దాటి బజారుకు పాకింది. ఆదివారం చర్చిలో పాస్టరు, మన శాంతయ్యకిచ్చిన వరానికి స్తోత్రమని ప్రార్థించాడు. శాంతయ్య తల వంచుకుని కూర్చున్నాడు. అయిదు వరసల లెక్క ఎవరూ చూడనిదే ఈ స్తోత్రాలెందుకని ఆయనకు గుబులు పట్టుకుంది. ఆ వారమంతా ఒక్కడే కూర్చుని, ఒక వరస తరవాత ఒక వరసగా అయిదు వరసలూ లెక్క కట్టాడు. తనకు తోచిన పోలిక ప్రకారం, అందరూ సూత్రమంటున్న దాని ప్రకారం, రావలసింది రాలేదు. మళ్ళీ కట్టాడు. మళ్ళీ రాలేదు. చిత్రంగా, ఆయనకు గుండె మీద బరువు దిగినట్టయింది. కాగితాలు తీసుకుని ఎండలోనే అయ్యంగారి బసకు వెళ్ళాడు.

“అయిదు వరసలకు సూత్రం తప్పింది సార్. రెండు తడవలు లెక్కబెట్టినాను. అది సూత్రం కాదు. ఏదో కాకతాళీయంగా కుదిరింది, అంతే.”

అయ్యంగారు కాగితాలు చూడనే లేదు. “మీ సూత్రం తప్పు కాదు శాంతయ్యగారూ. మీ లెక్క తప్పయి ఉంటుంది. పెద్ద విషయం చూసినవాడు కూడికల్లో తడబడడం మామూలే” అన్నాడు.

తనదే తప్పని ఒక మనిషి వచ్చి చెబుతుంటే, ఆ చెప్పడమే తప్పంటే ఇంకేం చెబుతాడు? శాంతయ్య కాగితాలు శ్రీనివాసులు చేతిలో పెట్టి వచ్చాడు. శ్రీనివాసులు వేరే దారిన లెక్క కట్టాడు. అతనికీ శాంతయ్యకు వచ్చినంతే వచ్చింది. ఇక ఈ గోల వదిలిందనుకున్నాడు శాంతయ్య. కానీ అయ్యంగారు రాత్రి నిద్రలో కొత్త ఆశ కూడగట్టుకుని వచ్చాడు. సూత్రానికి చిన్న సవరణ ఏదో ఉండి ఉంటుందట. అసలు సూత్రాన్ని చూసిన కంటికే ఆ సవరణా కనపడుతుందట. అది మొదలు, గది తలుపు తీసేసరికి, “ఏమైనా తోచిందా?” అని అడిగేవాడు.

ఏమీ తోచలేదు. మద్రాసు నుంచి తెప్పించి ఇచ్చిన లావాటి పుస్తకం మొదటి అధ్యాయం దాటలేకపోయాడు. చిక్కుడు గింజలు చూస్తే చెయ్యి వెనక్కి పోయేది. వరండాలో కూర్చుని సరదాకు లెక్కలు కట్టుకునే అలవాటు చిన్నప్పటి నుంచి ఉండేది, అదీ పోయింది. సంతోషమ్మ ఇది కనిపెట్టింది.

“తెలీదని చెప్పేసి రాండి. తెలీదంటే ఎవురైనా తల తీస్తారా?” అంది.

“చెప్పినాను. నమ్మడు. నన్ను తిట్టింటే బాగుండు సంతోషమ్మా. నమ్మే మనిషి చేతిలోంచి యాడికని పోయేది?” అన్నాడు శాంతయ్య.

వర్షాలు మొదలయ్యేసరికి మద్రాసు మీద భయం సద్దుమణిగింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే వెళ్ళిపోయారు. బళ్ళు తెరిచారు. అయ్యంగారు వెళుతూ వెళుతూ హెడ్మాస్టరును పిలిచి, ఈయన్ని జాగ్రత్తగా చూసుకోమని అప్పగించి మరీ వెళ్ళాడు. తరవాత ఆయన దగ్గర్నుంచి కార్డులు వచ్చేవి. క్షేమమా, ఏమైనా తోచిందా అని. మొదట్లో లేదని రాసిన శాంతయ్య, తరవాత జవాబు రాయడం మానేశాడు. ఊళ్ళో అమ్మలు మాత్రం పిల్లల్ని తెచ్చి ఆయన చేత వాళ్ళ నెత్తిమీద చెయ్యి పెట్టించుకుని పోయేవాళ్ళు.

స్వరాజ్యం వచ్చిన ఏడు చలికాలంలో, తిరుపతిలో కొత్త కాలేజీకి లెక్చరరుగా వచ్చిన శ్రీనివాసులు అక్కడ చిన్న గోష్ఠి ఒకటి పెట్టాడు. సంభావ్యత మీద, లెక్కపెట్టే విద్య మీద పనిచేసేవాళ్ళు పదిమందికి మించరు. శాంతయ్యకూ పిలుపు వచ్చింది. సంతోషమ్మ వద్దంది. పోకపోతే గర్వమనుకుంటారని శాంతయ్య పాకాల మీదుగా రైలెక్కి వెళ్ళాడు.

గోష్ఠికి వచ్చిన అయ్యంగారికి రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. శాంతయ్య వచ్చాడని ఎవరో చెప్పగానే చేతులు చాచి తడుముకుంటూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని వదలకుండా ముందు వరసలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. శ్రీనివాసులు ఆ సత్రపు ముంగిలి మీదే మాట్లాడాడు. దానికి సూత్రం ఎవరికీ దొరకలేదని, ఇంతకు తక్కువ కాదు, ఇంతకు మించదు అని మాత్రం చెప్పగలమని నల్లబల్ల మీద రాసుకుంటూ పోయాడు. సగం దాకా శాంతయ్యకు అందింది. ఆ తరవాత ఏదో గుర్తు దగ్గర దారి తప్పాడు, ఇక మళ్ళీ కలుసుకోలేకపోయాడు. పెన్సిలు కింద పెట్టేశాడు.

ఉపన్యాసం అయిపోగానే అయ్యంగారు ఆయన వైపు ముఖం తిప్పాడు. “ఇప్పుడు మీరు చెప్పండి” అన్నాడు. గదిలో అందరూ శాంతయ్యనే చూశారు. ఆయన లేచి నిలబడ్డాడు.

“నాకేమీ తోచలేదు సార్. అప్పుడు తోచిందీ ఉత్తదే. ఇంతసేపూ ఈయన చెప్పినదాంట్లో సగం నాకర్థం కాలేదు. నేను బడిపంతుల్ని. దయచేసి నా మాట నమ్మండి.”

అయ్యంగారి ముఖం మెల్లగా విప్పారింది. “చూశారా, ఎంత వినయమో” అన్నాడు అందరితో. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. శాంతయ్య కూర్చున్నాడు.

స్టేషను దాకా శ్రీనివాసులు తోడు వచ్చాడు. రైలు కూత వేశాక, “నేనూ చానాసార్లు చెప్పినాను సార్. ఆయన బతుకులో సంతోషం అదొక్కటే మిగిలుండాది. దాన్ని నేనెట్లా తీసేసేది?” అన్నాడు.

“వద్దులే అప్పా, తీసెయ్యొద్దు” అన్నాడు శాంతయ్య.

మరుసటి వానాకాలంలో అయ్యంగారు పోయాడు. కబురు తెలిసి బడిలో సంతాపసభ పెట్టారు. మాట్లాడినవాళ్ళంతా ఆయన కంటే ఆయన కనిపెట్టిన శాంతయ్య గురించే ఎక్కువ మాట్లాడారు. నమ్మినాయన పోతే నమ్మకమూ పోతుందేమోనని ఏ మూలో ఆశపడిన శాంతయ్యకు ఆ ముచ్చటా తీరలేదు. మర్నాడు హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి, లెక్కలు ఇంకెవరికైనా ఇచ్చి తనకు భూగోళం ఇమ్మని అడిగాడు. హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మిమ్మల్ని భూగోళానికి పెడితే ఊరు నన్ను బతకనిస్తుందా అని, భుజం తట్టి పంపించాడు.

సాయంత్రం ఇంటికొచ్చి సంతోషమ్మతో ఆ సంగతి చెప్పాడు. ఆమె నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. మంచినీళ్ళ చెంబు అందించి పక్కనే కూర్చుంది.

“భూగోళం మీకు వచ్చునా?” అని అడిగింది.

రాదన్నాడు శాంతయ్య.