ఓదెమ్మ సబ్బు పాఠంలో చెప్పని మాట

రఘునాథపల్లిలో ఓదెమ్మ సబ్బు తెలియని ఇల్లు లేదు. ఇప్ప నూనె, కానుగ నూనె, కాస్త కొబ్బరి నూనె కలిపి చేసే ఆ సబ్బు చూడటానికి మట్టిపెళ్లలా ఉంటుంది. నురగ కూడా పెద్దగా రాదు. అయినా ఒకసారి వాడినవాళ్లు మళ్లీ వెతుక్కుంటూ వస్తారు. ఇంత పేరున్న మనిషి హాయిగా ఉండాలా వద్దా? ఉండదు. పోపు చిటపటమన్నా ఉలిక్కిపడుతుంది. బస్సు ఆగేటప్పుడు గాలి వదిలితే చెవులు మూసుకుంటుంది. చూసినవాళ్లు బీపీ అనుకుంటారు. బీపీ కాదు, పాడూ కాదు. ఆరేళ్ల కింద ఒక మధ్యాహ్నం విన్న చప్పుడు ఆమె చెవుల్లో ఇంకా ఆగలేదు.

వాళ్లది బట్టలుతికే ఇల్లు. ఆమె అత్త కాలంలో సబ్బు కొనే అలవాటే లేదు. నేల మీద తెల్లగా పొంగిన సౌడు మట్టిని గీకి తెచ్చి, నీళ్లలో కలిపి, అందులో ముంచిన బట్టలను బానలో పెట్టి ఆవిరి పట్టేది. తలకు కుంకుడుకాయ, ఒంటికి శనగపిండి, అంట్లకు బూడిద. ఆ తర్వాత పౌడరు ప్యాకెట్లు వచ్చాయి, మిషన్లు వచ్చాయి, మూట పట్టుకుని పిలిచే ఇళ్లు తగ్గిపోయాయి. ఓదెమ్మ భర్త ఐలయ్య ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. ఓదెమ్మ చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. జనగామలో మూడు రోజులు సబ్బుల తయారీ నేర్పుతున్నారంటే మహిళా సంఘం తరఫున పోయి నేర్చుకొచ్చింది. మరిది హరీశ్ భార్య విజయను, అంటే తన యారాలిని, పక్కన కూర్చోబెట్టుకుని పని మొదలుపెట్టింది.

ఆ తర్వాత జరిగిందని ఊరంతా చెప్పుకునే కథ ఒకటుంది. సబ్బులో కలిపే కాస్టిక్ సోడాను నీళ్లలో వేయాలి గాని సోడా మీద నీళ్లు పోయకూడదు. పోస్తే ఎగిరి మీద పడుతుంది. విజయ తొందరపడి నీళ్లు పోసింది, అది ముఖం మీదికి ఎగిరింది, రెండు కళ్లూ పోయాయి. ఈ కథ మొదట చెప్పింది ఓదెమ్మే. పచ్చి అబద్ధం.

ఆ రోజు వాళ్లు సోడా కలిపే స్టీలు గంజు పక్కింటి దినాల వంటకు పోయింది. సిల్వర్ గిన్నె, అంటే అల్యూమినియంది, మాత్రం ముట్టుకోవద్దని, సోడా దాన్ని తినేస్తుందని, పొంగి మీద పడుతుందని జనగామలో ఆమె చెవులారా విన్నది. విన్నది గుర్తుంది కూడా. కానీ పొయ్యి మీద నూనె కాగుతోంది, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుంది. అటక మీది సిల్వర్ గిన్నె దించి, నీళ్లు తనే పోసి, సోడా తనే వేసింది. "నేను నూనె చూస్త, నువ్వు జర కలుపవె" అని కర్ర విజయ చేతికిచ్చి లోపలికి పోయింది. సుయ్‌మని చప్పుడు. ఆ వెంటనే విజయ కేక.

అందరూ విజయను దవాఖానకు తీసుకుపోయారు. ఓదెమ్మ ఇంట్లో ఉండిపోయి, నల్లబడి గుంటలు పడ్డ ఆ గిన్నెను గోనెసంచిలో చుట్టి పాడుబడ్డ బావిలో పడేసింది. సాయంత్రం అత్త "ఎట్లయిందే?" అని అడిగితే నోటికొచ్చిన మాట అనేసింది.

"సోడ మీద నీళ్లు పోసిందత్తా."

విజయకు ఆనాటిది సగమే గుర్తుంది. మంచంలో పడి ఉన్నప్పుడు, "యాదికొస్తలేదక్కా, నేనే పోసిన కావచ్చు" అంది. అప్పుడైనా ఓదెమ్మ నిజం చెప్పలేదు. ఛీ, ఏం మనిషో! అత్త చచ్చేదాకా విజయను తిట్టింది. హరీశ్ "నీ తొందరే నీ కండ్లు తిన్నది" అని, భూపాలపల్లిలో పనికి కుదిరి, పండుగలకు తప్ప ఇంటికి రావడం మానేశాడు. వాళ్ల కూతురు శృతికి అప్పుడు పదకొండేళ్లు. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. తల్లిని పొయ్యి దగ్గరికి రానివ్వదు. "నువ్వు కూసో అమ్మా, మళ్ల ఏదన్న జేస్తవ్" అంటుంది. ప్రేమతోనే అంటుంది. కానీ రోజూ అంటుంది. విజయ ఆ మాట విన్నప్పుడల్లా తప్పు చేసిన పిల్లలా తల దించుకుంటుంది.

సబ్బులు ఆరబెట్టే పని మాత్రం విజయదే. కోసిన సబ్బులు చెక్క అరల మీద నలభై రోజులు గాలికి ఆరాలి, రోజూ తిప్పాలి, చెమ్మ తగలకూడదు. ఆమె ఒక్కోదాన్నీ తడిమి, నాలుక కొసకు తాకించి చూస్తుంది. చురుక్కుమంటే ఇంకా పండలేదని లెక్క. "నీళ్లల్ల నాననియ్యకు అక్కా, చిల్లులున్న డబ్బల పెట్టుకో" అని కొనేవాళ్లకు జాగ్రత్తలు చెప్పేదీ ఆమే. ఓదెమ్మకు ఆ గదిలోకి పోవాలంటే భయం. పట్టపగలే భయం. ఎంత మెల్లగా అడుగుపెట్టినా విజయ ముఖం నేరుగా ఆమె వైపే తిరుగుతుంది. అడుగుల చప్పుడు విని తిరుగుతుందని తెలుసు. తెలిసినా ఒళ్లు జలదరిస్తుంది.

ఈ ఎండాకాలం సంఘం వాళ్లు ముప్పై మంది ఆడవాళ్లకు సబ్బు నేర్పమని ఓదెమ్మను అడిగారు. మొదటి రోజు అన్నీ చెప్పింది, గిన్నె సంగతి తప్ప. సిల్వర్ వద్దంటే ఎందుకని ఎవరో అడుగుతారు, అక్కడే కూర్చున్న విజయ వింటుంది. అందుకని "రేపు ఎవలి గిన్నె వాళ్లు తెచ్చుకోండ్రి" అని ఊరుకుంది. అందరూ స్టీలే తెస్తారులే అని తనకు తనే సర్దిచెప్పుకుంది.

మరునాడు తొర్రూరు నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చిన శ్రీలత అనే పిల్ల సంచిలోంచి తళతళలాడే సిల్వర్ గిన్నె తీసింది. నీళ్లు పోసి, సోడా పొట్లం విప్పింది. ఓదెమ్మ అది చూసింది. చెప్తే ఆరేళ్ల అబద్ధం బయటపడుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల కళ్లు పోతాయి. ఒక్క క్షణం ఆమె చూసింది శ్రీలత వైపు కాదు, విజయ వైపు. ఆ క్షణాన్ని తలుచుకుని ఆమె తర్వాత చాలాసార్లు సిగ్గుపడింది. పొట్లం వంగింది. ఓదెమ్మ ఒక్క అంగలో పోయి గిన్నెను కాలితో తన్నింది.

"సిల్వర్ల ఎయ్యద్దు."

శ్రీలత తడిసిన చీర దులుపుకుంటూ చూసింది. "నిన్న చెప్పకపోతివి గదక్కా. ఏస్తే ఏమైతది?"

"పొంగి మీద పడ్తది. కండ్లు పోతయి."

కిటికీ పక్క నుంచి విజయ మెల్లగా అడిగింది. "అక్కా, ఆనాడు మన స్టీలు గంజు దినాలకు పోయింది గదా. మరి నేను కలిపింది దేంట్ల?"

ఓదెమ్మ గోడ పట్టుకుని నిలబడింది. "సిల్వర్ గిన్నెల" అంది చివరికి. "నేనే పెట్టిన. నీళ్లు నేనే పోసిన, సోడ నేనే ఏసిన. గిన్నె బాయిల పడేసి, నీ మీద చెప్పిన."

విజయ అరవలేదు, శాపం పెట్టలేదు. "శృతీ, ఉన్నవా?" అని పిలిచింది. పేర్లు రాయడానికి వచ్చిన శృతి కలం పట్టుకుని అలాగే నిలబడిపోయి ఉంది.

"ఉన్ననమ్మా."

"మళ్ల చెప్పుమను మీ పెద్దమ్మను. నువ్వు మంచిగ విను."

ఓదెమ్మ మళ్లీ చెప్పింది. ఈసారి ముప్పై మందికీ వినపడేలా, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. విజయ చేయి చాపి, తడుముకుని, కూతురి మణికట్టు దొరకబుచ్చుకుంది.

"నేను పొయ్యలె బిడ్డా" అంది. "ఆరేండ్ల సంది నేనే పోసిన అనుకున్న. నేను పొయ్యలె."

శృతి తల్లి ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. విజయ ఆ పిల్ల తల నిమురుతూ అదే మాట అంటూనే ఉంది.