పగటిపూట గబ్బిలాలు

నా మాటల్లో సగం కొట్టేసి చదవండి. పటాన్‌చెరులో ఒక బస్టాపు పక్క చింతచెట్టుకు, మిట్టమధ్యాహ్నం లక్ష గబ్బిలాలు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటి గొడుగంత. బస్టాపులో నా పక్కన కూర్చున్న ఫ్యాక్టరీ కార్మికుడు వాటిని చూపించాడు.

“సూడుండ్రి సార్, గివిటిది గూడ మా లెక్కనే నైట్ డ్యూటీ. పగలు నిద్ర యాడిది? రెక్కలతోని ఇసురుకునుడు, జాగ కోసం కొట్లాడుడు. మా రేకుల రూముల గూడ గిదే కథ. ఇయ్యాల రాత్రి మిషిన్ కాడ మళ్ల కునుకు తీసిన్ననుకో, పనిలకెల్లి తీసేస్తరు.”

“బస్సొచ్చేదాకా ఇక్కడే పడుకోవయ్యా.”

“చిట్కుల్ బస్సొస్తే జెర లేపుండ్రి” అంటూనే నా భుజం మీదికి ఒరిగాడు. అతని గురకకు పైన గబ్బిలాల కొట్లాట కూడా ఆగిపోయింది.

పొద్దు వాలుతుండగా లేచి, “బస్సొచ్చిందా సార్?” అన్నాడు.

“ఇంకా రాలేదు” అన్నాను.

గబ్బిలాలు వంద ఉంటాయేమో. గురక మాత్రం నిజం. పూర్తిగా కల్పించింది ఆ ‘ఇంకా రాలేదు’ ఒక్కటే.