వియన్నాలో పాసిర్ రిస్ సంచి

ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. ఎవరైనా "జాగ్రత్తమ్మా" అంటే చాలు, ఒళ్ళు మండిపోయేది. ఇరవై ఆరేళ్ళ వయసు, సింగపూర్ క్లెమెంటిలో ఒక ఫ్లాట్‌లో అద్దెగది, నడిచి వెళ్ళేంత దూరంలో యూనివర్సిటీలో పరిశోధన ఉద్యోగం, చేతిలో నా పేరున ఒక తాళంచెవి. ఇంక నాకేంటి అనుకునేదాన్ని. ఆ ధీమాని ఇప్పుడు తలుచుకుంటే ముద్దొస్తుంది గానీ, నా చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని ఎలా భరించారో తలుచుకుంటే సిగ్గేస్తుంది. (నాతోపాటు ఆ ఫ్లాట్‌లో ఉన్న కరీంనగర్ అక్క ఇప్పటికీ నాతో మాట్లాడుతోందంటే అది పూర్తిగా ఆవిడ గొప్పతనమే.)

అలాంటి రోజుల్లో నన్ను వియన్నాలో ఒక సదస్సుకి పంపారు. సదస్సు రెండు రోజులు. దానికి ఇంకో మూడు రోజులు సెలవు కలిపి, "ఒక్కదాన్నే తిరుగుతాను, మ్యూజియాలన్నీ చూస్తాను, అక్కడి తిండే తింటాను, పచ్చళ్ళూ పొడులూ మోసుకెళ్ళే బాపతు కాదు నేను" అని ఫ్లాట్ అంతా చాటింపు వేశాను. "ఒక్కదానివే ఏం తిరుగుతవ్ పిల్లా, ఫొటో దీసెటోళ్ళు గూడ ఉండరు" అంది కరీంనగర్ అక్క. నేను జాలిగా నవ్వాను. ఒంటరి ప్రయాణంలోని ఆనందం గురించి ఆవిడకి అరగంట ఉపన్యాసం ఇచ్చాను కూడా. అప్పటికి నేను ఒంటరిగా చేసిన ప్రయాణాల్లో అతి పెద్దది క్లెమెంటి నుంచి అదే ఊరికి ఆ చివరున్న పాసిర్ రిస్‌కి.

ఆ పాసిర్ రిస్‌లోనే ఆంటీ ఉండేది. మాకు వరసకి ఏమవుతుందో మా ఇంట్లో ఎవరూ తేల్చలేకపోయారు, ఇక్కడ పెద్దవాళ్ళందరూ ఆంటీలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు కూడా. పెళ్ళై రాజమండ్రి నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది, మాటల్లో గోదావరి యాస అలాగే ఉంది, మధ్యలో మాత్రం మలయ్ మాటలు దొర్లేవి. నేను వెళ్ళేముందు రోజు సాయంత్రం రైల్లో గంటసేపు కూర్చుని మా ఫ్లాట్‌కి వచ్చింది. చేతిలో పాత జీన్స్ గుడ్డతో తనే కుట్టిన భుజానికి వేసుకునే సంచి. లోపల పాస్‌పోర్టుకి విడిగా జిప్పు ఉన్న అర. ఆ పక్కన ఒక స్టీలు డబ్బా నిండా ఇంగువ దిట్టంగా వేసిన పులిహోర గుజ్జు, రెండు పొట్లాల పప్పుచెక్కలు.

"ఆంటీ, నేను ఇవన్నీ తీసుకెళ్ళను" అన్నాను.

"తీసుకెళ్ళకపోతే మానెయ్యవే, సంచిలో ఉంచుకో అంతే" అంది ఆవిడ. "మకాన్ దగ్గర మొహమాటపడకు. ఆకలేస్తే తిను. సంచి మాత్రం చెయ్యి వదలొద్దు, తల్లీ. అక్కడ నువ్వనుకున్నట్టు ఉండదు."

తిండికి ఆవిడ మలయ్ మాటే వాడేది. నేనేమో, నాకు అన్నీ తెలుసు ఆంటీ అన్నట్టు మొహం పెట్టాను. (ఆ మొహం ఎలా ఉంటుందో ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లల్లో రోజూ చూస్తున్నాను. ఎంత ఒళ్ళు మండుతుందో!)

వియన్నాలో సదస్సు గడిచాక అసలు కథ మొదలైంది. మొదటి రోజు ఒక వీధి బండి దగ్గర సాసేజ్ తిందామని వెళ్ళాను. నిలబడి తినే ఎత్తైన బల్లలున్నాయి, ఒకటే ఖాళీగా ఉంది. సింగపూర్‌లో ఉన్నవాళ్ళకి ఇలాంటప్పుడు చెయ్యి దానంతట అదే సంచిలోకి పోతుంది. తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఎంత రద్దీ ఉన్నా బల్ల మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేస్తే చాలు, ఆ బల్ల మనదే. దాన్ని చోప్ చేయడం అంటారు. మన ఊళ్ళో బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టే, కాకపోతే ఇక్కడ ఎవరూ ఆ కర్చీఫ్ తీసి అవతల పారేసి కూర్చోరు. నేనూ టిష్యూ ప్యాకెట్ పెట్టి వరసలో నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి ఒక తాతగారు ఆ బల్ల దగ్గర నిలబడి, నా టిష్యూలతో మూతికంటిన ఆవాల సాస్ తుడుచుకుంటున్నారు. నన్ను చూసి ఎంతో మర్యాదగా థాంక్స్ కూడా చెప్పారు.

అయినా నాకు బుద్ధి రాలేదు. పైగా ఆ చలికి ముక్కు కారడం మొదలై, మూడో రోజుకి తెచ్చుకున్న టిష్యూలన్నీ అయిపోయాయి. అక్కడి తిండి సంగతీ చెప్పాలి. నిజాయితీగా చెప్తున్నాను, బాగుంది. కానీ మూడు పూటలూ రొట్టే, ఉడికిన బంగాళాదుంపలూ తినేసరికి నాలుక మొద్దుబారిపోయింది. రెండో రోజు మధ్యాహ్నం ఒక మ్యూజియం మెట్ల మీద, ఎవరూ చూడకుండా, రొట్టెకి ఆంటీ గుజ్జు రాసుకుని తిన్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కారం వల్లే అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

మూడో రోజు, అంటే తిరుగు ప్రయాణానికి ముందురోజు, ఊళ్ళోకెల్లా పెద్ద చిత్రకళా మ్యూజియానికి వెళ్ళాను. పొద్దున్నుంచీ రాణుల బొమ్మలూ, పళ్ళ బుట్టల బొమ్మలూ చూసి చూసి (పళ్ళ బుట్టల ముందు కొంచెం ఎక్కువసేపే నిలబడ్డాను), ఒంటిగంటకి గోపురం కింద ఉన్న కాఫీ హోటల్‌కి చేరాను. పాలరాతి స్తంభాలు, తెల్లగుడ్డ పరిచిన బల్లలు, ఆపిల్ ముక్కలు కూరి కాల్చే స్ట్రూడెల్ వాసన. ఒక చిన్న బల్ల ఖాళీగా కనిపించింది. గుమ్మం దగ్గర పదిహేను మంది వరసలో ఉన్నారు. ముందు బల్ల, తర్వాత వరస, అదే కదా పద్ధతి! టిష్యూలు లేవు. గొడుగు లేదు. భుజాన ఉన్న సంచి తీసి కుర్చీలో పెట్టి, ఫోను మాత్రం చేత్తో పట్టుకుని, దర్జాగా వెళ్ళి వరస చివర నిలబడ్డాను.

ఇరవై నిమిషాలు నిలబడ్డాను. ముందున్న వాళ్ళు ఏమీ కొనకుండానే ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళిపోతున్నారు. ఇదేంటో నాకు అర్థం కాలేదు, అడిగితే చిన్నతనం. చివరికి నా వంతు వచ్చింది. నల్లకోటు వేసుకున్న వెయిటర్ "ఎంతమంది?" అన్నాడు. "ఒక్కదాన్నే" అన్నాను, ఆ మూడు రోజుల్లో మెడ అంత నిటారుగా ఎప్పుడూ పెట్టలేదు. "రండి" అని తీసుకెళ్ళి సరిగ్గా నా బల్ల దగ్గరే కూర్చోబెట్టాడు.

అప్పటికి తెలిసింది, అది బల్ల కోసం నిలబడే వరస అని. బల్ల ఉన్నదాన్ని బల్ల కోసం ఇరవై నిమిషాలు నిలబడ్డాను. నవ్వుకుందామని కుర్చీ కేసి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. సంచి లేదు.

నా పాస్‌పోర్టు అందులోనే ఉంది. మర్నాడు మధ్యాహ్నం విమానం. బల్ల కిందకి దూరి వెతికాను, పక్క బల్లవాళ్ళ కాళ్ళ మధ్య వెతికాను. ఆ పక్కన కేకు తింటున్న పెద్దాయన్ని దొంగని చూసినట్టు చూశాను (పాపం, ఆయన తన కోటు ఎత్తి కింద ఏమీ లేదని చూపించాడు). ఎంబసీ ఎక్కడుందో తెలీదు, ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీదు. కళ్ళ ముందు కదిలినవి మాత్రం అందరి మొహాలే: కరీంనగర్ అక్క, ఆఫీసువాళ్ళు, అందరికంటే ముందు పాసిర్ రిస్ ఆంటీ. "చెయ్యి వదలొద్దు తల్లీ" అని ఎంత చెప్పింది!

ఏడుపు ఆపుకుంటూ వెయిటర్ దగ్గరికి పరిగెత్తాను. "కుర్చీలో సంచి? ఎవరో మర్చిపోయి వెళ్ళారని కింద వచ్చినవాళ్ళ కోట్లు దాచే గదికి పంపేశాం" అన్నాడు. పైగా, "మీరెందుకు అక్కడ పెట్టారు?" అని అడిగాడు. చోప్ గురించి చెప్పే ఓపిక నాకు లేదు. పొద్దున్న ఒక్కో మెట్టూ ఫొటో తీసుకుంటూ ఎక్కిన పాలరాతి మెట్లని రెండేసి చొప్పున దూకుతూ దిగాను.

కింద కౌంటర్‌లో తెల్లజుట్టు ఆవిడ ఉంది. "జీన్స్ సంచి..." అని నేను మొదలుపెట్టగానే, "లోపల ఏమేం ఉన్నాయి?" అంది. పాస్‌పోర్టు, పేరు, పప్పుచెక్కలు, అన్నీ చెప్పి, చివర్న సిగ్గుపడుతూ, "స్టీలు డబ్బాలో... ఒక చింతపండు పేస్టు" అన్నాను. ఆవిడ కిటికీ కేసి చూపించింది. మిగతా కోట్లకీ టోపీలకీ దూరంగా, తెరిచిన కిటికీ పక్కన స్టూలు మీద, పెద్దమనిషిలా ఒక్కతే కూర్చుని ఉంది నా సంచి. ఇంగువ వాసన ఆ గది నిండా ఉంది. జిప్పు తీసి పాస్‌పోర్టు చూసుకుని గుండెలకి హత్తుకున్నాను. హమ్మయ్య! ఆ క్షణం అనుభవించిన నిశ్చింత మళ్ళీ ఏ పరీక్ష పాసైనా, ఏ ఉద్యోగం వచ్చినా రాలేదు.

ఆవిడ నన్ను వెళ్ళనివ్వలేదు. కుర్చీ లాగి "కూర్చో. ముందు తిను" అంది. తన డబ్బాలోంచి ఒక రొట్టె తీసి సగం విరిచి ఇచ్చింది. ఆ రొట్టెకి గుజ్జు రాసుకుని, కోట్ల మధ్య కూర్చుని తిన్నాను. తనూ వేలితో కొంచెం తీసి రుచి చూసింది. మొహం ఎర్రబడింది, రెండు తుమ్ములు తుమ్మింది, ఆగి, ఇంకోసారి వేలు పెట్టింది.

తింటుండగానే ఆంటీ ఫోను. "మకాన్ అయ్యిందా?" "ఆఁ, తిన్నాను ఆంటీ." "సంచి ఏదే?" "చేతిలోనే ఉంది ఆంటీ!" అన్నాను, ఆ క్షణానికి అది నిజమే. "సరే తల్లీ, చేతిలోనే ఉంచుకో" అని పెట్టేసింది. తిరిగి వచ్చాక సంచి ఉతికి ఆవిడకి ఇచ్చేశాను, జరిగింది చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నేళ్ళో ఎవరు కనిపించినా ఒకటే చెప్పేదాన్ని: "వియన్నావాళ్ళంత మంచివాళ్ళు ఉండరు, మొహం చూసి ఆకలి కనిపెట్టేస్తారు, ముందు తినమంటారు!"

మొన్న ఆదివారం ఆంటీ ఇంటికి వెళ్ళాను. ఆవిడ మనవరాలు చదువు మధ్యలో సెలవులకి ఒక్కతే యూరప్ వెళ్తోంది. ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని అదే జీన్స్ సంచి ఒళ్ళో వేసుకుని, లోపలి అరలో ఊడిపోయిన ఒక గుడ్డముక్కని మళ్ళీ కుడుతోంది. దాని మీద చెరగని సిరాతో, నేనెప్పుడూ గమనించని ఒక ఫోన్ నంబరు. ఆంటీ ఇంటి నంబరు.

"అమ్మమ్మా, ఐ కెన్ మేనేజ్ లా!" అని విసుక్కుంది పిల్ల.

"ఈ అక్క కూడా ఇలాగే అందే" అంది ఆంటీ, దారం కొరుకుతూ. "అలామక్, ఓరి నాయనో! అప్పుడెవరో తెల్లమ్మ ఫోన్ చేసి, సంచి దొరికింది, భయంకరమైన వాసన వస్తోంది, డబ్బా పారెయ్యమంటారా అని అడిగింది. పారెయ్యకమ్మా, అది తిండి, పిల్ల ఆకలితో పరిగెత్తుకుంటూ వస్తుంది, కూర్చోబెట్టి ముందు తినమను అని చెప్పాను."

నేను ఆ గుడ్డముక్క మీది నంబరు కేసి చూశాను. "మరి నాకెప్పుడూ చెప్పలేదేం ఆంటీ?"

"చేతిలోనే ఉందన్నావుగా" అంది ఆవిడ నవ్వుతూ.

పిల్ల ఇంకా మొహం ముడుచుకునే ఉంది. ఆ మొహం నాకు బాగా తెలుసు. నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్న టిష్యూ ప్యాకెట్లన్నీ తీసి ఆ సంచిలో వేశాను, డబ్బా పక్కన. జాగ్రత్త అని మాత్రం అనలేదు.