ఆపినా బతికే ఫిల్టరు

మా హాల్లో చేపల తొట్టెకి ఏ ఫిల్టరు పెట్టాలన్న విషయం మీద మా ఇంట్లో జరిగినంత చర్చ, మా అబ్బాయి తీసిన మూడు సినిమాల కథల మీద కలిపి కూడా జరగలేదు. జరిగి ఉంటే ఆ మూడింట్లో ఒకటైనా రెండో శుక్రవారం చూసేది.

మా అబ్బాయి నిర్మాత. ఆఫీసు ఫిల్మ్‌నగర్‌లో, ఇల్లు జూబ్లీహిల్స్‌లో. పెద్ద హీరోలు చిన్న ఆఫీసులకి రారు కాబట్టి కథ వినిపించే కార్యక్రమం మా హాల్లోనే జరుగుతుంది. దాన్ని వీళ్లు సిట్టింగ్ అంటారు. దర్శకుడు మొదటి సీను నుంచి శుభం కార్డు దాకా, ఫైట్లతో, పాటలతో, వెనకాల వాయిద్యాలతో సహా అంతా నోటితోనే చూపిస్తాడు. నాలుగు గంటలు పడుతుంది. ఆ నాలుగు గంటలూ మా ఇంట్లో మిక్సీ తిరగకూడదు, కుక్కరు కూయకూడదు, నేను దగ్గకూడదు. దర్శకుడు మాత్రం బాంబులు పేల్చుకోవచ్చు.

హాలు కొత్తగా చేయించినప్పుడు తొట్టె వచ్చింది. పక్క వీధిలో ఇంకో నిర్మాత ఇంట్లో ఎనిమిదడుగుల తొట్టె ఉందని మా కోడలు చూసొచ్చింది. అందుకని మాది పదడుగులు. అందులో రంగు చేపలు వేస్తే డెంటిస్టు గదిలా ఉంటుందట. స్టింగ్‌రేలు తెప్పించారు, ఒక జత. గుండ్రంగా, పళ్లెంలా బల్లపరుపుగా, నల్లటి ఒంటి మీద తెల్లటి చుక్కలు, వెనక ముల్లున్న తోక. ఎక్కడో దక్షిణ అమెరికా నదుల్లోవి. వీటి సముద్రపు చుట్టాలని మా కాకినాడ వైపు టేకు చేపలంటారు, పులుసు పెట్టుకుంటారు. ఆ సంగతి నేను చెబితే మా కోడలు చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"అత్తయ్యా, దయచేసి గెస్టుల ముందు పులుసు మాట ఎత్తకండి."

ఎత్తలేదు. కానీ కొలతలు ఎత్తాను. తొట్టె అమ్మినవాడు మూడు వేల లీటర్లన్నాడు. పొడవు పది, వెడల్పు నాలుగు, ఎత్తు రెండున్నర. గుణిస్తే వంద ఘనపుటడుగులు. కానీ నీళ్లు నింపేది రెండడుగుల వరకే. ఎనభై ఘనపుటడుగులు, అంటే రెండు వేల రెండు వందల అరవై లీటర్లు. మిగతా ఏడు వందల చిల్లర లీటర్లు ఎక్కడున్నాయని అడిగితే, "పెద్దమ్మగారు చాలా షార్పండీ" అని నవ్వి వెళ్లిపోయాడు. నేను ముప్పై ఏళ్లు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పాను. ఆ నవ్వు వెనక బెంచీల్లో చాలాసార్లు చూశాను.

తొట్టెకి వాళ్లు పెట్టిన ఫిల్టర్లు రెండు, డ్రమ్ముల్లాంటివి. మూత గట్టిగా బిగించి ఉంటుంది. పైపులో వెళ్లిన నీరు లోపలి స్పాంజీల్లోంచి, చిల్లుల రాళ్లలోంచి తిరిగి బయటికొస్తుంది. చెవి ఆనిస్తే గాని చప్పుడు వినపడదు. మా అబ్బాయి ఆ చప్పుడు లేకపోవడాన్ని చూసే కొన్నాడు. చేపకి పనికొస్తుందా అన్నది ఎవరూ అడగలేదు. హీరోకి అడ్డం రాదు, అంతే.

అయినా ఆ వినపడని చప్పుడు కూడా ఒకరోజు వినపడింది. వేసవిలో కొత్త దర్శకుడొకడు కథ చెప్పడానికి వచ్చాడు. వినడానికి వచ్చిన హీరో అప్పటికి పెద్దవాడు కాదు, కానీ అవుతాడని మావాడి నమ్మకం. కథలో అమ్మ చనిపోయే ఘట్టం వచ్చేసరికి దర్శకుడు ఆగి, "సార్, ఏదో గుయ్‌మంటోంది. మూడ్ పోతోంది సార్" అన్నాడట. మా అబ్బాయి లేచి స్విచ్ కట్టేశాడు. ఆ అమ్మ చావడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత కొడుకు పగ తీర్చుకోవాలి కదా. మొత్తం మీద మళ్లీ స్విచ్ వేసేటప్పటికి సాయంత్రమైంది.

మర్నాడు పొద్దున జతలో ఒకటి అడుగున కదలకుండా ఉంది. ఒంటి అంచులు పైకి ముడుచుకుపోయి ఉన్నాయి, పెనం మీద మాడిన అప్పడంలా. రెండోదానికి అప్పుడే ముడత మొదలవుతోంది. నీళ్లు పరీక్ష చేస్తే పసుపుపచ్చగా ఉండాల్సిన గొట్టం ముదురాకుపచ్చకి తిరిగింది. అమ్మోనియా. సగం నీళ్లు తోడించి మంచినీళ్లు పోయించాను, సాయంత్రం మళ్లీ. రెండోది బతికింది.

"ఏదో జబ్బమ్మా" అన్నాడు మా అబ్బాయి.

"జబ్బు కాదురా. నీ కథ."

ఇందులో కష్టమైన రసాయనశాస్త్రం ఏమీ లేదు. స్టింగ్‌రే రొయ్యలు తింటుంది, తిన్నదానికి తగ్గట్టు విసర్జిస్తుంది. ఆ మలినంలోంచి పుట్టే అమ్మోనియా దానికే విషం. ఫిల్టరులోని రాళ్లకి ఒక రకం సూక్ష్మజీవులు అంటుకుని బతుకుతూ ఆ విషాన్ని మెల్లగా హాని లేని పదార్థంగా మార్చేస్తాయి. ఫిల్టరంటే అసలు అవే, డ్రమ్ము వాటి ఇల్లు మాత్రమే. వాటికి గాలి కావాలి. పారే నీరు గాలి మోసుకొస్తుంది. మోటారు ఆపితే మూత బిగించిన డ్రమ్ములో ఉన్న గాలి కాసేపట్లో అయిపోతుంది. అవి చస్తాయి, చచ్చి కుళ్లుతాయి. తర్వాత స్విచ్ వేస్తే ఆ కుళ్లంతా తొట్టెలోకి వస్తుంది, దాన్ని శుభ్రం చేసేవాళ్లు అప్పటికి ఉండరు.

ఇదంతా మా అబ్బాయికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. విన్నాక, "అంటే ఇంకా సైలెంటుగా ఉండేది కొనాలంటావు" అన్నాడు. నిర్మాతలకి కథ చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

మిగిలిన చేప నా దగ్గరికి వచ్చేది. నేను తొట్టె అంచున రొయ్య పట్టుకుంటే అడుగు నుంచి అలలా లేచి, గాజు వెంబడి పాకి, నా వేళ్ల దగ్గర నీళ్లని ఒంటితో టపటపా కొట్టేది. ఇంట్లో నేను పిలిస్తే వచ్చే ప్రాణి అదొక్కటే. దానికి తోడు తెచ్చేద్దామంది మా కోడలు. ముందు దీన్ని బతకనివ్వమన్నాను. ఎందుకంటే అంతకన్నా పెద్ద ప్రమాదం ముంచుకొస్తోంది. మావాడికి నిజంగానే పెద్ద హీరో ఒకాయన టైమిచ్చాడు. దసరా వెళ్లాక సిట్టింగ్. అదీ మా హాల్లో.

కొత్త ఫిల్టరు కోసం టోలిచౌకిలో చేపల దుకాణానికి నేనే వెళ్లాను, మా అబ్బాయి వెంటబడి వచ్చాడు. దుకాణదారు మమ్మల్ని చూడగానే మెరిసే డ్రమ్మొకటి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, గిది పెట్టుండ్రి. సప్పుడు అస్సలు రాదు. ఇంట్ల ఉన్నదా లేదా అని మీరే పరేషాన్ అయితరు."

"ఇదే కావాలి!" అన్నాడు మా అబ్బాయి.

"నాలుగు గంటలు ఆపితే ఏమవుతుంది?" అన్నాను.

"ఎందుకు ఆపుతరమ్మా? ఫిల్టరు ఆపొద్దు కదా."

"ఆపొద్దని మీకు తెలుసు, నాకు తెలుసు. మా ఇంట్లో ఆపుతారు."

దుకాణదారు మా అబ్బాయి వైపు చూశాడు. మా అబ్బాయి గోడ మీది గుర్రపు చేప బొమ్మ వైపు చూశాడు.

నేను అక్కడికి ఒక నిర్ణయంతోనే వెళ్లాను. ఏ పుస్తకం చూసినా ఫిల్టరుని చేపని బట్టి, నీటిని బట్టి ఎంచుకోమంటుంది. నేను మా అబ్బాయిని బట్టి ఎంచుకున్నాను. చేప ఎలాంటిదో అందరికీ తెలుసు, మనిషి ఎలాంటివాడో తల్లికి తెలుస్తుంది. స్విచ్ ఆపేవాడి ఇంట్లో ఆపినా బతికే ఫిల్టరు ఉండాలి. అది టవరు. నిలువు పెట్టెలో చిల్లుల రాళ్లు గుట్టగా పోసి, పైనుంచి నీటిని జల్లులా కురిపించేది. రాళ్లు నీళ్లలో మునిగి ఉండవు, తడిగా గాలిలోనే ఉంటాయి. నీరు ఆగినా ఆ తడిలో, ఆ గాలిలో సూక్ష్మజీవులు గంటల తరబడి బతుకుతాయి.

"గది పాత మోడలమ్మా. సప్పుడు జర ఎక్కువ. వాన పడ్డట్టు ఉంటది."

"అమ్మా!" అన్నాడు మా అబ్బాయి. "హీరోగారు వచ్చేది కథ వినడానికి. వాన వినడానికి కాదు!"

"ఆయన పోయిన సినిమాలో ఉన్న కథ కన్నా వాన నయం."

దుకాణదారు దగ్గుతున్నట్టు అటు తిరిగాడు.

టవరుని హాలు గోడకి అవతల, బట్టలుతికే చోట పెట్టించాను. దాని కింద నీళ్లు పడే తొట్టి కూడా నేనే లెక్క కట్టాను. మోటారు ఆగినప్పుడు పై తొట్టెలో నీరు ఒక్క అంగుళం దిగినా తొంభై నాలుగు లీటర్లు కిందికొస్తాయి. వాళ్లు తెచ్చిన కింది తొట్టిలో ఖాళీ యాభై లీటర్లకే ఉంది. మిగతాది కోడలి ఇటాలియన్ మార్బుల్ మీదికి. నేను మార్బుల్ మాట ఎత్తగానే, ఇంకా పెద్ద తొట్టి తేవాలంటూ మా కోడలు నా పార్టీలోకి వచ్చేసింది. చేప కోసం రాలేదు. అయినా ఓటు ఓటే కదా.

టవరు పెట్టిన రోజే పాత డ్రమ్ములు తీసేయమన్నాడు మా అబ్బాయి. కొత్త రాళ్ల మీద సూక్ష్మజీవులు కుదురుకోవడానికి నెలన్నర పడుతుంది, అందాకా రెండూ కలిసి నడవాలన్నాను. "నెలన్నరా?" అని నోరు తెరిచాడు. కొబ్బరికాయ కొట్టిన రోజే సగం సినిమా అయిపోయిందనుకునే వృత్తి వాళ్లది. రోజూ పరీక్ష చేశాను. గొట్టం పసుపుపచ్చగా నిలబడ్డాకే డ్రమ్ములు తీయించాను. గోడ అవతల వాన మాత్రం మిగిలింది.

సిట్టింగ్ రోజు పొద్దున మా అబ్బాయి నా తల మీద చెయ్యి పెట్టబోయాడు.

"ఒట్టమ్మా. ఈసారి ఆపను."

"చెయ్యి తియ్యి. నా తల ఇంకొన్నాళ్లు కావాలి."

హీరోగారు వచ్చారు. తొట్టె ముందు నిలబడి, "ఇది కుడుతుందా?" అని అడిగారు. ఆ రోజు ఆ హాల్లో ఎవరైనా అడిగిన ఒకే ఒక్క సూటి ప్రశ్న అది. తర్వాత సోఫాలో వెనక్కి వాలారు. దర్శకుడు మొదలెట్టాడు. "ఓపెన్ చేస్తే సార్... చీకటి. దూరంగా ఒక అరుపు..." ఆ అరుపు వంటింట్లో ఉన్న నాకు కూడా వినపడింది. దాని వెనకాల జల్లు శబ్దం సన్నగా, ఆగకుండా వస్తూనే ఉంది.

మొదటి సగం అయింది. అమ్మ ఈ కథలో కూడా చనిపోయే ఘట్టానికి వచ్చింది. అప్పుడు వాన ఆగిపోయింది.

మా కోడలు నా వైపు చూసింది. "ఆపేశారు అత్తయ్యా. వెళ్లి చెప్పనా?"

"వద్దు. ఆపుతాడనే కదా అది కొన్నది." అలా అన్నాను గాని, గోడ గడియారం చూసి వాన ఆగిన టైము పాల చీటీ వెనక రాసుకున్నాను. పుస్తకంలో ఉన్నది వేరు, గోడ అవతల ఉన్న ప్రాణం వేరు.

స్విచ్ మళ్లీ వేసేసరికి బయట చీకటి పడింది. హీరోగారు ఆలోచించి చెబుతానని వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున ముందు తొట్టె దగ్గరికే వెళ్లాను. గొట్టంలో చుక్కలు వేసి, రంగు తేలేదాకా గొట్టం వైపు చూడలేదు. పసుపుపచ్చ. అరగంట ఆగి మళ్లీ చూశాను. పసుపుపచ్చే.

మా అబ్బాయి పళ్లు తోముకుంటూ వచ్చి నా భుజం మీంచి చూశాడు.

"చూశావా? ఆపినా ఏమీ కాలేదు. నువ్వు ఊరికే కంగారు పడతావమ్మా."

నేను గొట్టం కడిగి బోర్లించాను. ఇంతలో వాడి ఫోను మోగింది. హీరోగారి మేనేజరు. మావాడు బ్రష్షు నోట్లోనే పెట్టుకుని విన్నాడు. మొదటి సగం హీరోగారికి ఎంతో హాయిగా ఉందట. చాలా రోజుల తర్వాత అంత ప్రశాంతంగా కళ్లు మూసుకున్నారట. మధ్యలో ఆ నీళ్ల చప్పుడు ఎందుకు ఆగిందో గాని, ఠక్కున మెలకువ వచ్చిందట. అక్కడి నుంచి కథ విన్నారట. విన్నాక, వద్దనుకున్నారట.

మావాడు ఫోను పెట్టేసి, నోట్లో నురగతో, గోడ అవతలి జల్లు కాసేపు విన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో టవరు స్విచ్ మీద ఎవరూ చెయ్యి వెయ్యడం లేదు. సిట్టింగ్ ఉన్న రోజున మా అబ్బాయే వెళ్లి మోటారు తిరుగుతోందో లేదో చూసొస్తున్నాడు. హీరోలు నిద్రపోతున్నారు. ఆపినా బతికే ఫిల్టరుని నేను అంత వెతికి కొన్నాక, దాన్ని ఆపేవాడే లేకుండా పోయాడు. చేపకి ఇదంతా పట్టదు. పొద్దున్నే గాజు వెంబడి పాకి పైకొచ్చి, రొయ్య ఆలస్యమైతే నా చీరంతా తడిపేస్తుంది.