మూత పడ్డదనుకున్న సాంచె

ముందే ఒప్పుకుంటున్నాను, నేను గోరంతను కొండంత చేసి చెప్తాను.

సూరత్‌లో, ఉన్ అనే పేట దగ్గర, మా సాంచెల షెడ్డులో, అంటే మరమగ్గాల షెడ్డులో, ఒక పెద్దాయన ఉండేవాడు, అందరికీ మామ. ఆయన తుమ్మితే ఇరవై సాంచెలు ఉలిక్కిపడి ఆగేవి. కొత్త సాంచెకు మూత దగ్గర బొటనవేలంత సెన్సర్ పెట్టారు. మూత ఎత్తితే సాంచె ఆగాలి. మామ రోజూ ఆ సెన్సర్‌ను వేలితో తట్టి, "గిది చూస్తలేదు అల్లుడా. ముందట ఇనుముంటే మూత పడ్డదనుకుంటది, గంతే," అనేవాడు.

"నీకంటే నయమే మామా, నీకు అద్దాలు పెట్టినా కనబడదు," అనేవాణ్ణి.

ఒకరోజు మూత అదిరి సాంచె మాటిమాటికీ ఆగుతోంది. విసుగొచ్చి సెన్సర్ ముందు ఇనుప బిళ్ళ అతికించాను. ఎవరికీ చెప్పకుండా చాయ్‌కి పోయాను. తిరిగొచ్చేసరికి, తెగిన పోగు అతకడానికి మామ మూత ఎత్తుతున్నాడు. సాంచె ఆగలేదు. షెడ్డు హోరులో ఆ సంగతి ఆయనకు తెలియలేదు. చెయ్యి లోపలికి పోతోంది.

"మామా!" అన్న నా అరుపు డుమస్ సముద్రం దాకా వినబడింది. ఆయన మెరుపులా చెయ్యి వెనక్కి లాగి, "ఏందిరా, పానం తీస్తవా?" అని నవ్వాడు.

తుమ్మునూ అరుపునూ పెంచి చెప్పాను. చెయ్యి వెనక్కి లాగడం మాత్రం పూర్తిగా కల్పించాను.